మస్తానమ్మ మూడు నిమిషాల మతం

చింతలదిన్నె మండల తహసీల్దారు కార్యాలయం గేటుకి ఎదురుగా మస్తానమ్మ అట్ల బండి ఉంది. ఆఫీసు అక్కడికి రాకముందు నుంచే ఉంది. కొత్త భవనానికి శంకుస్థాపన చేయడానికి వచ్చిన పెద్దలంతా ఆ రోజు ఆమె అట్లే తిన్నారు. ఇప్పటి తహసీల్దారు పరాంకుశం గారు కూడా రోజూ పొద్దున రెండు ఉల్లి అట్లు తిని, అల్లప్పచ్చడి ఇంకాస్త వేయించుకుని, మూతి తుడుచుకుని గాని ప్రభుత్వ విధులకి హాజరు కారు. ఆయన విధులు ఒకప్పుడు రకరకాలుగా ఉండేవి. ఈ కథ జరిగేనాటికి ఒక్కటే మిగిలింది. ప్రార్థన.

అది ఎలా వచ్చిందో చెప్పాలి. ఒక మంత్రిగారు ప్రపంచశాంతి సదస్సుకని విదేశం వెళ్ళారు. నాలుగు రోజులు ఉపన్యాసాలు విని, అయిదో రోజు మంచు చూసి, తిరుగు విమానం ఎక్కారు. ఆ విమానంలో ఆయనకి సత్యం తట్టింది. లోకంలో యుద్ధాలన్నిటికీ కారణం, మతాలవాళ్ళు తలోచోట తలోవేళ ప్రార్థన చేసుకోవడమే. అందరూ ఒకేచోట, వరసగా, సమానంగా ప్రార్థిస్తే ఫిరంగులు వాటంతటవే చల్లబడతాయి. అందరూ చేరడానికి ప్రభుత్వ కార్యాలయాన్ని మించిన చోటేముంది? కుర్చీలున్నాయి, ఫాన్లున్నాయి, జనం ఎలాగూ వచ్చి పడిగాపులు కాస్తూనే ఉంటారు. విమానం దిగిన వారానికి ఉత్తర్వు దిగింది.

ఉత్తర్వు పదకొండు పేజీలు. పొద్దున పదిన్నరకి మొదలుపెట్టి ప్రతి మతానికీ సరిగ్గా మూడు నిమిషాలు ఇవ్వాలి. సిబ్బంది యావన్మందీ ప్రతి ప్రార్థనలోనూ ఆయా మతాచారం ప్రకారం పాల్గొనాలి. ఏ మతాన్నయినా కాదన్న అధికారి ఆ పూటే సస్పెండవుతాడు. ఇంతవరకూ మొదటి పేజీ. తక్కిన పది పేజీలూ అటెండరు జకరయ్య తప్ప ఎవరూ చదవలేదు. నోటీసు బోర్డుకి అంటించే పని అతనిది గనుక, మైదా జిగురు ఆరేలోపు నిలబడి చదివేశాడు.

మొదట్లో ఆరు మతాలు, పద్దెనిమిది నిమిషాలు. పదీ నలభై ఎనిమిదికల్లా ప్రపంచశాంతి కుదిరిపోయేది, జనం పనులు చూసుకునేవారు. అప్పుడే శైవులూ వైష్ణవులూ కలిసి వచ్చి, తమని కలిపి లెక్కేయడం అన్యాయమన్నారు. వాళ్ళు కలిసి రావడం మండల చరిత్రలో అదే మొదలు గనుక, శాంతి అప్పుడే పనిచేస్తోందని పై అధికారులకి నివేదిక వెళ్ళింది. మండలంలో చర్చీలు పదకొండు, ఒకరి పాట ఒకరికి పడదు. దర్గాలు నాలుగు, వాటిని చూసుకునే ముజావర్లకి వేళలు కుదరవు. ఊళ్ళు ముప్పై రెండు, ఊరికో అమ్మవారు. పోలేరమ్మకి మూడు నిమిషాలిచ్చి అంకమ్మకి ఇవ్వకపోతే ఏమవుతుందో చూడాలని ఏ ఉద్యోగికీ సరదా లేదు.

చివరికి నాస్తికులూ వచ్చారు. సమానత్వం అందరికీ ఉండాలని అర్జీ పెట్టుకుని, తమ మూడు నిమిషాలూ తాము తీసుకున్నారు. ఆ మూడు నిమిషాల్లో ఎవరూ మనసులో కూడా దణ్ణం పెట్టుకోకూడదు. ఎవరి పెదవులయినా కదులుతున్నాయేమో చూసే బాధ్యత జకరయ్యకి అప్పగించారు.

ఇది గాక తర్వాత వచ్చి చేరిన యుద్ధాల జాబితా ఒకటి. రోజూ మొదట పావుగంట, లోకంలో జరుగుతున్న యుద్ధాల పేర్లు చదివి, ఒక్కొక్కటీ ఆగిపోవాలని కోరుకోవాలి. అందులో కొన్ని ఆగిపోయి నలభై ఏళ్ళయింది. అయినా అవి ఆగినట్టు పై నుంచి ఉత్తర్వు రాలేదు గనుక జాబితాలోంచి కొట్టేసే అధికారం మండల స్థాయిలో లేదు.

శ్రావణమాసం వచ్చేసరికి లెక్క ఇలా తేలింది. భోజనం గంట పోగా ఆఫీసు పనివేళ అయిదున్నర గంటలు. అందులో పావుగంట యుద్ధాలకి, తక్కినది నూటనాలుగు మతాలకి. ఇక మిగిలినది సాయంత్రం నాలుగూ యాభై ఏడు నుంచి అయిదు వరకు, మూడే మూడు నిమిషాలు. పోనీ అవయినా పనికి వస్తాయా అంటే, వాటిని ‘ఇతరములు’ అనే పద్దుకి కేటాయించారు. ఇతరులు ఎవరూ ఇంతవరకూ రాలేదు. వస్తారేమోనని ఆ మూడు నిమిషాలూ సిబ్బంది అంతా గుమ్మం కేసి చూస్తూ కూచునేవారు.

మస్తానమ్మకి ఇందులో నష్టమేమీ కనబడలేదు. నిజం చెప్పాలంటే లాభమే. పాసుపుస్తకానికో, పింఛనుకో వచ్చినవాళ్ళు సాయంత్రం దాకా కదలరు, కదలనివాళ్ళకి ఆకలేస్తుంది. రోజుకి రెండు గిన్నెల పిండి రుబ్బేది కాస్తా అయిదు గిన్నెలు రుబ్బుతోంది. ఆ మంత్రిగారు మళ్ళీ విదేశం వెళ్ళి ఇంకో నాలుగు విషయాలు తెలుసుకుని వస్తే బాగుండునని కూడా ఒకసారి అనుకుంది.

అంతలో ఆమెకే కాగితం అవసరమయింది.

కూతురు మేరీ దుర్గకి నర్సింగు కాలేజీలో సీటు వచ్చేలా ఉంది. పదిహేను రోజుల్లో, సోమవారం మధ్యాహ్నం గుంటూరులో కౌన్సెలింగు. స్థానికురాలని తహసీల్దారు సంతకం, ముద్ర ఉన్న నేటివిటీ సర్టిఫికెట్ లేకపోతే హాలు గడప తొక్కనివ్వరు. పుట్టినప్పటి నుంచీ ఆ గేటు ముందే పెరిగిన పిల్ల. అదేమంత పని అనుకుని, పొద్దున పరాంకుశం గారి పళ్ళెంలో రెండో అట్టు వేస్తూ అడిగింది.

“సార్, మా దుర్గకి నేటివిటీ కావాల. తమరొక్క సంతకం పెడితే పిల్ల బతుకు బాగుపడుద్ది.”

“నువ్వీ ఊరిదానివేనా?” అన్నారు పరాంకుశం గారు, పచ్చడి నంజుకుంటూ.

“అదేంది సార్! మీరు బదిలీ మీద వచ్చిన రోజు బస్సు దిగంగానే మొదటి అట్టు నా బండి మీదే గదా తిన్నారు.”

“అది నాకు వ్యక్తిగతంగా తెలుసు. అధికారికంగా తెలీదు. లోపలికి రా, అర్జీ పెట్టు, పరిశీలిస్తాం.” ఆయన చెయ్యి కడుక్కుని, అధికారికంగా ఆమె ఎవరో తెలియనివాడిలా గేటు దాటి వెళ్ళిపోయారు.

లోపల డిప్యూటీ తహసీల్దారు ఆనందవర్ధనం గారు ఉన్నారు. ప్రార్థనల అదనపు బాధ్యత ఆయనదే. అర్జీదారులు ముందు తమ మతం వరసలో నిలబడాలి, ఆ మతం వంతు అయ్యాకనే అర్జీ ముట్టుకుంటారు. ఆయన రిజిస్టరు తెరిచారు.

“పేరు మస్తానమ్మ. అనగా దర్గా పంక్తి. అయితే నుదుట కుంకుమ ధరించి ఉన్నారు. అనగా అమ్మవారి పంక్తి. కుమార్తె పేరు మేరీ దుర్గ అని పేర్కొన్నారు. ఈ వైరుధ్యాన్ని తమరు ఏ విధంగా సమర్థించుకుంటారు?”

సమర్థించుకోవడానికి ఏముంది? ఆ ప్రాంతంలో బిడ్డలు నిలవని ఇంట్లో దర్గాకి మొక్కుకుని మస్తాను పేరు పెట్టుకోవడం తాతల నాటి అలవాటు. మస్తానమ్మ చెప్పుకొచ్చింది. “నాకు ముందు ముగ్గురు పోయారంట సార్. మా అమ్మ మస్తాను గారికి మొక్కితే నేను నిలిచాను. ఏటా దర్గాలో గంధం పండక్కి పోతాం. ఇంట్లో ఇలవేలుపు అంకమ్మ తల్లి. మా పిల్ల పుట్టేటప్పుడు కాన్పు కష్టమయితే మిషనాసుపత్రిలో మేరీ సిస్టరమ్మ రెండు ప్రాణాలూ కాపాడింది, అందుకని మేరీ. పుట్టింది దుర్గాష్టమి నాడు, అందుకని దుర్గ.”

“అవన్నీ సరే. ఒక్కటి చెప్పండి.”

“ఒక్కటి చెప్తే తక్కినోళ్ళు ఏమనుకుంటారు సార్? అందరూ సాయం చేసినోళ్ళేనాయె.”

ఆనందవర్ధనం గారు పెన్ను పక్కన పెట్టారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి పౌరురాలు ఆయనకి తగల్లేదు. ‘మతం: తేలలేదు’ అని రాసి, ఏం చేయవలసిందీ సెలవివ్వమని జిల్లాకి మెమో పంపారు. జవాబు రావడానికి వారం పట్టింది. ఆ వారమంతా మస్తానమ్మ అట్లు మాడ్చింది. రాత్రనక పగలనక చదివి మార్కులు తెచ్చుకున్న పిల్ల మొహం చూడలేక ఆమె తల పక్కకి తిప్పుకునేది. ఇన్నాళ్ళూ ఆ ప్రార్థనల మీద అయిదు గిన్నెల పిండి అమ్ముకున్నందుకు తనని తానే తిట్టుకుంది.

జవాబు వచ్చింది. ‘తేలని వారిని ఇతరములలో చేర్చవలెను.’

ఆనందవర్ధనం గారి ఆనందం ఇంతా అంతా కాదు. నాలుగు నెలలుగా ఇతరముల పద్దు కింద ‘లేరు’ అని రాసి పంపుతున్నందుకు జిల్లా నుంచి మూడు మందలింపులు వచ్చి ఉన్నాయి. స్వయంగా బండి దగ్గరికి వచ్చి, మస్తానమ్మ మెళ్ళో బంతిపూల దండ వేశారు. “ఈ మండలంలోని ఇతరములు యావత్తూ ఇకపై తమరే. తమ మత ప్రార్థనా విధానాన్ని నాలుగు ప్రతుల్లో సమర్పించ ప్రార్థన” అని ఫొటో దిగి వెళ్ళారు.

“దండెందుకన్నా నాకు, కాగితం కావాలిగాని” అంది మస్తానమ్మ, అక్కడే నిలబడి ఉన్న జకరయ్యతో. ఆమెకి ఏడుపొచ్చేస్తోంది.

రిటైర్‌మెంటుకి ఏడాది దూరంలో ఉన్న జకరయ్య అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “పిచ్చిదానా, ఏడుస్తావెందుకు? నాలుగూ యాభై ఏడు నుంచి అయిదు దాకా ఆ ఆఫీసు నీది. ఆ మూడు నిమిషాలు నీ మతంలో ఏం చెయ్యమంటే అది చెయ్యాల, తహసీల్దారు గారయినా సరే. రూలది. మొదటి పేజీలోనే ఉంది.”

మస్తానమ్మ ఏడుపు ఆపింది. మెళ్ళో దండ తీసి బండికి తగిలించింది. “అయితే దుర్గని పిలు. దాని చేతిరాత బాగుంటది.”

మర్నాడు ఆనందవర్ధనం గారు ఆ నాలుగు ప్రతులూ చదివారు. ‘మా మతంలో భక్తులు తమ కాగితాన్ని పెద్దల ముందు ఉంచుతారు. పెద్దలు దానిని ఆసాంతం చదవవలెను. పిదప సంతకం చేయవలెను. పిదప ముద్ర వేయవలెను. కాగితాన్ని భక్తుల చేతికి తిరిగి ఇవ్వడంతో పూజ ముగియును. రేపు రమ్మనడం మా మతంలో మహాపాపం. కానుకలు నిషిద్ధం.’

“ఇది మేము ఉద్యోగంలో చేరినప్పుడు చేసిన పనిలా ఉందే” అన్నారు ఆయన సందేహంగా. “తమ దేవుడు ఎవరు?”

“పని పూర్తయినాక కనబడతాడంటారు సార్. మాకింకా కనబడలా.”

కాదంటే సస్పెన్షన్. ఆనందవర్ధనం గారు ఆమోదించారు.

బుధవారం సాయంత్రం నాలుగూ యాభై ఆరుకి నూటనాలుగో ప్రార్థన ముగుస్తుంటే మస్తానమ్మ తడిచెయ్యి చీరకి తుడుచుకుని, కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళింది. జకరయ్య గంట కొట్టాడు. సిబ్బంది లేచి నిలబడ్డారు. తహసీల్దారు గారి ముందు కాగితం పెట్టింది. ఆయన జేబులోంచి పెన్ను తీశారు. నాలుగు నెలలుగా మూత తీయని పెన్ను. గీశారు, విదిలించారు, నోటితో ఊదారు. అది రాయలేదు. ఇంకో పెన్ను కోసం సొరుగులు వెతుకుతుండగా అయిదు గంటలు కొట్టింది.

“భగవదిచ్ఛ” అన్నారు పరాంకుశం గారు.

గురువారం మస్తానమ్మ పెన్ను వెంట తెచ్చుకుంది. కాగితం ఆసాంతం చదవాలన్న నియమం ఉంది గదా, మొదట గుమాస్తా చదివాడు, తర్వాత ఆనందవర్ధనం గారు చదివారు. తహసీల్దారు గారు కళ్ళజోడు తుడుచుకునేసరికి అయిదయింది. శుక్రవారం ఆయన చదివారు, సంతకం చేశారు. ఆ సంతకం చూసి మస్తానమ్మ గుండె నిండిపోయింది. ఇక ముద్ర ఒక్కటే. జకరయ్య స్టాంపు తెచ్చి ప్యాడ్ మూత తెరిచాడు. ప్యాడ్ ఎండిపోయి బీటలు తీసి ఉంది. సిరా సీసా తేవడానికి అతను పరిగెత్తాడు, గంట అతనికన్నా ముందు కొట్టింది.

“రేపు రా” అనబోయి, అది మహాపాపమని గుర్తొచ్చి పరాంకుశం గారు నాలిక కరుచుకున్నారు.

ఈలోగా మూడు నిమిషాల మతం సంగతి ఊళ్ళకి పాకింది. గురువారం నలభై మంది వచ్చి, తామూ మస్తానమ్మ మతమేనని రిజిస్టరులో పేర్లు రాయించుకున్నారు. శుక్రవారం నాటికి వరస బస్టాండు దాటింది. అందులో నూటనాలుగు మతాలవాళ్ళూ ఉన్నారు, నాస్తికసంఘం కార్యదర్శి కూడా కరెంటు మీటరు కాగితం పట్టుకుని నిలబడ్డాడు. జిల్లాలో ఇంత వేగంగా పెరిగిన మతం ఇంకోటి లేదని ఆనందవర్ధనం గారు నివేదిక పంపారు. అది మంత్రిగారి దాకా వెళ్ళింది. మంత్రిగారు కదిలిపోయారు. శుక్రవారం సాయంత్రం అయిదూ పదికల్లా ఉత్తర్వు వచ్చింది. ‘నూతన మతం ఆవిర్భావాన్ని పురస్కరించుకుని శనివారం ప్రభుత్వ సెలవు దినంగా ప్రకటించడమైనది.’

ఆఫీసులో ఈలలు వేశారు. పరాంకుశం గారు బండి దగ్గరికి వచ్చి మరీ చెప్పారు. “మస్తానమ్మా, నీ పేరు మీద సెలవొచ్చింది! ఇంతకన్నా గౌరవం ఏం కావాలి?”

మస్తానమ్మ చేతిలోని అట్లకాడ కిందపెట్టింది. శనివారం సెలవు. ఆదివారం ఎలాగూ లేరు. సోమవారం కౌన్సెలింగు.

“సార్, ఒక్క ముద్దర. ఒక్క ముద్దర కోసం నా బిడ్డ చదువు పోద్ది సార్. మీకు పుణ్యముంటది, ఇప్పుడు లోపలికొచ్చి వెయ్యండి.”

“అయిదు దాటింది కదమ్మా. వేళ కాని వేళ ఒక మతానికి పూజ చేస్తే తక్కిన నూటనాలుగు మతాలూ నా మీద కేసు వేయవూ? సమానత్వం అన్నాక కొన్ని భరించాలి.”

ఆయన నిజంగానే నొచ్చుకుంటూ చెప్పారు. అదే మస్తానమ్మకి ఒళ్ళు మండించింది. ఇన్నాళ్ళుగా పచ్చడి రెండోసారి వేసిన చేత్తో ఆ గేటు మీద ఒక్కటి వేసి, “ఇంతమంది దేవుళ్ళని పిలిచారు గదా సార్, ఒక్కడూ మీకు బుద్ధి చెప్పలేదా!” అంది. పరాంకుశం గారు ఆ ప్రశ్న తన పరిధిలోకి రాదని చెప్పి వెళ్ళిపోయారు.

ఆమె బండి చక్రం పక్కన కూలబడి ఉంటే జకరయ్య నోటీసు బోర్డు దగ్గర నిలబడి పాత ఉత్తర్వు తిరగేస్తున్నాడు. తొమ్మిదో పేజీ దగ్గర ఆగాడు. “చెల్లెమ్మా! ఇది విను. ‘ఒక మతపు పండుగ దినాన తక్కిన మతములు తమ సమయమును ఆ మతమునకు వదులుకొనవలెను. సదరు మతపెద్ద కోరినచో, సిబ్బంది కార్యాలయములోనే ఉదయము పదిన్నర మొదలు సాయంత్రము అయిదు వరకు ఆ మతాచారం ప్రకారం పండుగ జరపవలెను.’ ఇప్పటిదాకా ఎవరూ కోరలేదు. ఎవరి పండుగ వాళ్ళ గుళ్ళో చేసుకున్నారు. మతపెద్దవి నువ్వేగా? కోరు!”

మస్తానమ్మ కోరింది. దుర్గ నాలుగు ప్రతులు రాసింది. ఆ సాయంత్రమే జకరయ్య వాటిని సిబ్బంది ఇళ్ళకి తీసుకెళ్ళి చూపించి సంతకాలు తీసుకున్నాడు.

శనివారం పదిన్నరకి సిబ్బంది అంతా కొత్తబట్టల్లో, ఏడుపుమొహాలతో వచ్చారు. స్టాంపుకి బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టి, ఇత్తడి పళ్ళెంలో పెట్టారు. ప్యాడ్ నిండా జకరయ్య ముందే సిరా పోసి ఉంచాడు. మొదటి కాగితం మతపెద్దది. పరాంకుశం గారు స్టాంపు ఎత్తి, కళ్ళు మూసుకుని, వేశారు. ఠప్పుమని వచ్చిన ఆ చప్పుడుకి వరండాలో జనం ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. మస్తానమ్మ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. ముద్ర తడిగా ఉండడంతో ఆమె కుంకుమ పక్కన చిన్న ఊదారంగు మచ్చ పడింది. దాన్ని ఆమె తుడుచుకోలేదు.

ఆ తర్వాత సాయంత్రం అయిదు వరకు పండుగ ఆగలేదు. పెద్దలు చదివారు, సంతకాలు చేశారు, ముద్రలు వేశారు. మూడేళ్ళుగా తిరుగుతున్న ఒక ముసలాయన పాసుపుస్తకం చేతికొస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది నాదేనా అని నలుగురిని అడిగాడు. మొత్తం ఆరువందల కాగితాలు తెమిలాయి. ప్రపంచంలో ఆ రోజు ఎన్ని యుద్ధాలు జరిగాయో ఆఫీసులో ఎవరికీ తెలియలేదు.

సోమవారం పొద్దున బండి మూసి ఉంది. మస్తానమ్మ, దుర్గ పక్కనే ఉన్న బస్టాపులో నిలబడ్డారు. కాగితం ప్లాస్టిక్ కవరులో, కవరు సంచిలో, సంచి మస్తానమ్మ చంకలో భద్రంగా ఉంది. పరాంకుశం గారు కుడి మణికట్టుకి కట్టు కట్టుకుని వచ్చారు.

“అట్లు లేవా మస్తానమ్మా?”

“ఇయ్యాళ పనుంది సార్. గుంటూరు పోతన్నాం.”

“వెళ్ళిరా, వెళ్ళిరా. నీ పండుగ మాత్రం నా చెయ్యి విరగ్గొట్టిందమ్మా. ఇలాంటి సెలవు ఇంకొక్కటి వచ్చిందంటే లాంగు లీవు పెట్టేస్తాను. దేవుడి దయవల్ల ఇవాళ పనిదినం. కాస్త నడుం వాలుస్తాను.”

ఆయన ఖాళీ కడుపుతో లోపలికి వెళ్ళారు. మైకులో యుద్ధాల జాబితా మొదలయింది. బస్సు వచ్చి, తల్లీకూతుళ్ళు ఎక్కి కూచున్నారు. కదలబోతుండగా జకరయ్య ఒక పొడుగాటి కాగితంతో పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి లోపలికి తోశాడు. మండలప్రజల విన్నపం. కింద అప్పటికే నాలుగొందల వేలిముద్రలూ సంతకాలూ ఉన్నాయి, పైన మతపెద్ద కోసం చోటు వదిలారు.

“ఏం రాశారన్నా?”

దుర్గ చదివింది. “‘మా మండల కార్యాలయానికి ఇకమీదట ఒక్క పనిదినం కూడా లేకుండా, ఏడాది పొడుగునా సెలవులే మంజూరు చేయవలసిందిగా మనవి.’”

కండక్టరు ఈల వేశాడు. మస్తానమ్మ రవిక మడతలోంచి తన పెన్ను తీసి, సంచి మీద కాగితం పరిచి, మొదటి సంతకం చేసింది.